సవరణ: బిట్‌కాయిన్ బహుమతి గురించి నేను రాసిన రెండు తప్పులు

బిట్‌కాయిన్‌కు కొత్తవారైనవాళ్లకు దాన్ని బహుమతిగా ఇవ్వడం గురించి మొన్న రాసినప్పుడు, "బంధువుల మధ్య అయితే పన్ను ఉండదు" అని తేల్చేశాను. అది తప్పు. మన దేశంలో ఆదాయపు పన్ను చట్టానికి బంధువు అంటే మన పెళ్లిపిలుపుల జాబితా కాదు. మేనమామ మేనల్లుడికి ఇస్తే పన్ను లేదు. అదే మేనల్లుడు మేనమామకు ఇస్తే, తీసుకునేవారి వైపు నుంచి చూసే ఆ నిర్వచనంలో అతను బంధువు కాడు! పెదనాన్న కొడుకూ అంతే. అలాంటివారి నుంచి ఏడాదిలో అందిన బహుమతుల విలువ 50,000 రూపాయలు దాటితే, దాటినంత కాదు, మొత్తమంతా తీసుకున్నవారి ఆదాయంలో కలుస్తుంది. తీసుకునేవారి పెళ్లికి ఇచ్చినదానికి మినహాయింపు ఉంది, పుట్టినరోజుకు లేదు. అమ్మినప్పుడు లాభంపై 30 శాతం పన్ను, దానిమీద సెస్సు ఎవరికైనా తప్పవు.

రెండో తప్పు నాకు ఇంకా సిగ్గుగా ఉంది. బిట్‌కాయిన్ దాచుకునే యాప్ అయిన వాలెట్‌ను నేనే తెరిచి, దానికి తాళంచెవిలాంటి 12 ఇంగ్లీషు మాటలను చీటీ మీద రాసి, పసుపు పూసిన కవరులో పెట్టి మేనకోడలికి ఇచ్చానని గొప్పగా చెప్పుకున్నాను. ఆ మాటలు నాకూ తెలిసినంతకాలం ఆ డబ్బు నా చేతిలోనూ ఉన్నట్టే. ఆ చీటీకి నా ఫోనులో తీసిన ఫొటో ఎవరి కంటనైనా పడితే ఇద్దరికీ పోయినట్టే. మొన్న ఆదివారం ఆమె తన ఫోనులో కొత్త వాలెట్ తెరిచింది, 12 మాటలూ తనే రాసుకుంది, నేను పక్కగదిలో కూర్చున్నాను. మొత్తం అందులోకి బదిలీ చేశాం. పాత చీటీ చింపేశాం.