చి.ల.సౌ. యెల్లోకేక్‌కి ఒక ఉత్తరం

చి.ల.సౌ. యెల్లోకేక్‌ను ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అంటే నువ్వూ, ఫ్రాన్సూ. నిన్ను కన్న ఆఫ్రికా దేశం నైజర్ ఆ లెక్కలో ఎప్పుడుంది గనక!

పేరుకే కేకువి గానీ, నువ్వు అణు విద్యుత్తుకు వాడే యురేనియం పొడివి; డ్రమ్ము మూత తీస్తే అచ్చం వంటింటి పసుపువే. నీ పుట్టుక కూడా విచిత్రమే. 1957లో సహారా అంచున అజెలిక్‌లో ఫ్రెంచివాళ్లు రాగి కోసం వెతుకుతుంటే నీ జాడ తగిలింది. 1971లో ఆర్లిట్‌లో ఉత్పత్తి మొదలైంది మొదలు ఏటా అప్పగింతలే. లారీ ఎక్కి, ఎడారి దాటి, బెనిన్‌లోని కొటొనూ రేవులో ఓడెక్కి ఫ్రాన్సులోని అత్తారింటికి పోయేదానివి. (మా కడప తుమ్మలపల్లెలో పుట్టే నీ చెల్లెలు నయం, హైదరాబాద్ దాకా వెళ్తే చాలు.) నువ్వు కాలుపెట్టిన చోట దీపాలే దీపాలు. పుట్టింట్లో నిన్ను తవ్వే గనులకు మాత్రం అను అరరెన్ బొగ్గు ప్లాంటు కరెంటు!

1974లో అధ్యక్షుడు దియోరి హమానీ, పిల్లనిచ్చినవాడు కదా, ఓలి పెంచమని ఫ్రాన్సుతో బేరానికి దిగాడు. బేరం తెగకముందే, ఏప్రిల్‌లో, సైన్యం ఆయన్ని కుర్చీలోంచి దించేసింది. కాకతాళీయమేలే.

పుట్టింటికి సారె మాత్రం ఘనంగా ముట్టింది. 2021 మార్చిలో ఆర్లిట్ దగ్గరి అకూటా గని మూతపడేసరికి అక్కడ మిగిలిన వ్యర్థాలు సుమారు 2 కోట్ల టన్నులు. ఊరిపక్కనే గుట్ట. గాలి లేచిందంటే ఆ దుమ్ము ఎవరి గుమ్మంలో వాలుతుందో అడగకు. గనిలోంచి వచ్చిన పాత ఇనుము ఆర్లిట్ సంతలో అమ్మకానికి దొరికింది. రేడియేషన్ కొలిచే మీటరు దగ్గర పెడితే కిరకిరలాడింది. పక్కనే ఉన్న గని ఊరు అకోకన్ వీధుల్లో పరిచిన గని రాళ్లదీ అదే పాట.

నీ పేరు మీద దొంగ ఉత్తరాలు కూడా పుట్టాయి, గుర్తుందా? నువ్వు ఇరాక్‌తో లేచిపోతున్నావని. అవి నకిలీవని 2003 మార్చిలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తేల్చింది. ఆ నెలలోనే ఇరాక్ మీద బాంబులు పడ్డాయి. ఈ ఉత్తరం అసలుదే తల్లీ, కావాలంటే చేతిరాత చూసుకో.

2025 జూన్‌లో నైజర్ ఆర్లిట్ గనిని జాతీయం చేసి, పిల్లను పంపం పొమ్మంది. జూలైలోనే రష్యావాళ్లు పెళ్లిచూపులకు దిగారు. తాంబూలాలు పుచ్చుకునేలోపే ఓలి సంగతి తేల్చుకోమని మీవాళ్లకు చెప్పు. బేరమాడేటప్పుడు కుర్చీ గట్టిగా పట్టుకోమను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి