ఆ వాచ్‌మెన్‌కు జీతం ఇచ్చిన్రా?

ఎఫ్ఎంలలో వచ్చే ప్రాంక్ కాల్స్‌లో (ఎవరికో ఫోన్ చేసి ఆటపట్టించి, దాన్ని రేడియోలో వేస్తారే, అవి) చాలావరకు ముందే రాసుకుని నటులతో చేయించేవే అని నా గట్టి నమ్మకం. "అయితే ఏంటన్నా, నవ్వుకున్నాం కదా" అనేవాళ్ల కోసమే ఈ పోస్ట్. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

చెవిపెట్టి వింటే గుర్తుపట్టడం కష్టమేం కాదు. తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే మనం ఏం చేస్తాం? "ఎవలు?" అంటాం, "ఎవలు గావాలె?" అంటాం, మూడో ముక్కకు కట్ చేస్తాం. రేడియోలో దొరికిన మనిషి మాత్రం చచ్చినా కట్ చేయడు. తిడతాడు, అది కూడా బీప్ వేయడానికి వీలుగా, ఒక్కో తిట్టు విడివిడిగా తిడతాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఎవరి మాట ఎవరికీ వినపడకపోవడం ఉండదు. వెనక హారన్ మోగదు, కుక్కర్ కూయదు, సిగ్నల్ పోదు. మా నల్గొండలో కొన్ని ఇళ్లల్లో ఫోన్ మాట్లాడాలంటే ఇప్పటికీ మిద్దె ఎక్కాలి. ఇక్కడేమో ఊరవతల గొర్లు మేపుకుంటున్నానని చెప్పే మనిషి గొంతు స్టూడియోలో కూర్చున్నంత సాఫ్‌గా వస్తుంది! మూడు నిమిషాల్లో గొడవ మొదలై, ముదిరి, అసలు సంగతి బయటపడి, అందరూ నవ్వేసరికి సరిగ్గా యాడ్ పడుతుంది.

ఈ విద్య మన దగ్గర పుట్టింది కూడా కాదు. అమెరికాలో ఎవరి ఫోన్ సంభాషణనైనా రేడియోలో వేయాలంటే ఆ మనిషికి ముందే చెప్పాలని ఎఫ్‌సీసీ (అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది. ముందే చెప్తే ఇంక ప్రాంక్ ఎక్కడిది? నటులను పెట్టుకుంటే ఆ తలనొప్పి లేదు. ప్రీమియర్ రేడియో నెట్‌వర్క్స్ అనే పెద్ద సంస్థ 'ప్రీమియర్ ఆన్ కాల్' పేరుతో, షోలకు మామూలు జనంలా ఫోన్ చేసి మాట్లాడే గొంతులను సరఫరా చేసే సర్వీసే నడిపింది. 2011లో ఆ సంగతి పత్రికలకెక్కింది. చాలామంది శ్రోతలకు అప్పుడు గానీ తెలియలేదు.

మరి నిజం కాల్సే చేయమంటావా అని అడుగుతారు. వద్దు బాబూ. 2012 డిసెంబర్‌లో సిడ్నీలోని టుడే ఎఫ్ఎం రేడియో జాకీలు ఇద్దరు లండన్‌లో ఒక ఆసుపత్రికి ఫోన్ చేసి, బ్రిటన్ రాణి, ప్రిన్స్ చార్లెస్ మాట్లాడుతున్నట్టు నటించారు. రాణి మనవడు విలియం భార్య కేట్ మిడిల్టన్ గర్భంతో ఉండి అప్పుడు అక్కడ చికిత్స పొందుతోంది. ఫోన్ ఎత్తిన నర్సు జెసింతా సల్దాన్హా నిజమే అనుకుని వార్డుకు కలిపింది. ఆమె చేసింది అంతే. ప్రపంచమంతా నవ్వింది. ఆ వారం గడవకముందే ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. ఆమె మన పక్క రాష్ట్రం మనిషే, కర్ణాటక తీరం నుంచి వెళ్లింది. ఉడుపి దగ్గర శిర్వలో ఖననం చేశారు. ఆ రికార్డింగ్‌ను అనుమతి లేకుండా ప్రసారం చేసి స్టేషన్ చట్టం మీరిందని తేల్చే అధికారం అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థకు ఉందా లేదా అని కేసు నడిచి నడిచి, ఉందని ఆస్ట్రేలియా హైకోర్టు 2015లో చెప్పింది. కాబట్టి ఎవరినో ఏడిపించే నిజం కాల్ కంటే నటనే వెయ్యిరెట్లు మేలు. ఇక్కడ నాకు ఎవరితోనూ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, నటన అని చెప్పకపోవడం దగ్గర. మన ఊళ్లకు పిట్టల దొర వచ్చేవాడు. ఖాకీ నిక్కరు, టోపీ, భుజాన చెక్క తుపాకీ. లేని ఎకరాలు, లేని బంగళాలు, లేని హోదాలు అన్నీ ఇంగ్లిష్ ముక్కలు కలిపి గడగడా చెప్పేవాడు. అన్నీ కోతలని చంటిపిల్లలకు కూడా తెలుసు, తెలుసు కాబట్టే నవ్వేవాళ్లం, గింజలో పైసలో ఇచ్చి పంపేవాళ్లం. రేడియోలో కూడా ఆకాశవాణి హైదరాబాద్ కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం దశాబ్దాల పాటు కబుర్లు చెప్పారు. నిజం మనుషుల్లాగే మాట్లాడేవాళ్లు. అయినా అవి పాత్రలని వినేవాళ్లందరికీ ఎరుకే.

ఇక అసలు సంగతికి వస్తా. మా మేనల్లుడు హైదరాబాద్‌లో చిన్నాచితకా డబ్బింగ్ పనులు చేసుకుంటాడు. ఒక చోట, పేరు వద్దు, ప్రాంక్ కాల్‌కు గొంతు కావాలని పిలిచారట. వీడి పాత్ర దేవరకొండ నుంచి వచ్చిన అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్. అవతలి వాడు సొసైటీ నుంచి మాట్లాడుతున్నానని, నీళ్ల ట్యాంకులో మొసలి పడిందని, దాని ఖర్చు నీ జీతంలో కోస్తామని బెదిరిస్తాడు. వీడు నమ్మి ఏడుపు గొంతు పెట్టాలి. మావాడు పుట్టిందే దేవరకొండలో, కాబట్టి వాడు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. వాళ్లకు నచ్చలేదు.

"యాస ఇంకా పెంచుమన్నరు మామా. మనోళ్లు గట్ల మాట్లాడరు సార్ అన్న. నీకెందుకయ్యా, పబ్లిక్‌కు గట్లయితెనే నవ్వొస్తది అన్నరు."

"మరి నువ్వేం జేసినవ్‌రా?"

"పెంచిన. పైసలు ఇస్తున్నరు గదా."

వాడిని నేనేం అనలేదు. అద్దె కట్టుకోవాలి కదా వాడు.

ఆ క్లిప్ కొన్నాళ్లకు వాట్సాప్‌లో తిరుగుతూ తిరుగుతూ మా దాకా వచ్చింది. హైదరాబాద్ ఎఫ్ఎంలు ఇటు చౌటుప్పల్, అటు షాద్‌నగర్ దాటాక గరగరమంటాయి గానీ, క్లిప్పులకు సిగ్నల్‌తో పనేముంది. దేవరకొండలో ఒక టీ హోటల్ దగ్గర కుర్రాళ్లు దాన్ని పెద్దగా పెట్టుకుని పొట్టలు పట్టుకున్నారు. పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. మొత్తం విన్నాడు. చివరికి, "గిదంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, పాపం ఆ వాచ్‌మెన్‌కు జీతం ఇచ్చిన్రా?" అని అడిగాడు. ఆయన కొడుకు, కోడలు కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో అదే పనిలో ఉన్నారట. అది ఉత్త నటన తాతా అని చెప్పా. ఆయన నావైపు అనుమానంగా చూసి, "రేడియోల వచ్చింది గదా?" అన్నాడు.

ఇంక నేనేం చెప్పాలి?

కాల్ నిజంగా జరిగిందా లేదా అనేది ఈ మోసంలో చిన్న ముక్క. పెద్ద ముక్క వేరే ఉంది. నిజం కాల్ అయితే, ఆ మనిషి అలాగే మాట్లాడాడు, మేమేం చేస్తాం అని స్టేషన్ వాళ్లు తప్పించుకోవచ్చు. రాసుకున్న కాల్‌కు ఆ వంక లేదు. దేవరకొండ వాచ్‌మెన్ మొసలిని నమ్మేంత అమాయకుడని ఎవరో ఏసీ గదిలో కూర్చుని నిర్ణయించారు. అచ్చంపేట మేస్త్రీ, కల్వకుర్తి పనిమనిషి, పాలమూరు కూలీ, ఎప్పుడు చూసినా వీళ్లే దొరుకుతారు. వలస పోయి నగరాన్ని కట్టినవాళ్లు నగరానికి జోక్ అయ్యారు. పైగా ఇది కల్పన అని చెప్పరు కాబట్టి, వినేవాడు దాన్ని సాక్ష్యంలా తీసుకుంటాడు: చూడు, వీళ్లు నిజంగానే ఇంతే! మన యాసను సినిమాల్లో విలన్లకు, జోకర్లకు తగిలించారని ఇన్నేళ్లు కొట్లాడాం. సినిమాలో కనీసం "పాత్రలన్నీ కల్పితం" అని ఒక కార్డు పడుతుంది.

బయట లోకం చూడండి. డిజిటల్ అరెస్ట్ అంటూ సీబీఐ పేరుతో, పోలీసుల పేరుతో ఫోన్లు చేసి లక్షలు, కోట్లు గుంజుతున్నారు. దాని గురించి ప్రధాని 2024 అక్టోబర్‌లో మన్ కీ బాత్‌లో, అదే రేడియోలో, జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. అలా పోగొట్టుకున్నవాళ్లలో డాక్టర్లు ఉన్నారు, ఇంజినీర్లు ఉన్నారు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు ఉన్నారు. ప్రాంక్ కాల్ ఏమో ఫోన్లో మోసపోయేది పల్లెటూరి వాడే అని రోజూ నూరిపోస్తుంది. అది విని నవ్వే చదువుకున్నాయనకు, నా దాకా రాదులే అని ధీమా. (ఎవరికైనా అలాంటి ఫోన్ వచ్చి డబ్బు పోతే వెంటనే 1930కి కొట్టండి. గంటలు గడిచేకొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.)

మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంలు 2001లో మొదలయ్యాయి. ఇప్పటికీ సొంతంగా వార్తలు చదివే హక్కు వాటికి లేదు. ఆకాశవాణి బులెటిన్‌నే మార్చకుండా వేసుకోవాలి. వార్త విషయంలో అంత పట్టింపు ఉన్నచోట, లేని మనిషిని ఉన్నాడని నమ్మించే కాల్‌ను ఎవరూ పట్టించుకోరు. "టైమ్ సరిపోదండీ, డిస్‌క్లెయిమర్ పెడితే ఫ్లో పోతుంది" అని ఒక రేడియో జాకీ ఇంటర్వ్యూలో కాదు గానీ, ఒక పెళ్లిలో నాతోనే అన్నాడు. మ్యూచువల్ ఫండ్ యాడ్ చివర అంత పొడుగు హెచ్చరికను ఊపిరి తిప్పుకోకుండా చదివేది మీ స్టేషన్లే కదా స్వామీ. "ఇది సరదాగా చేసిన నటన" అనడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? అది కూడా కాల్ మధ్యలోనే ఎక్కడో కలిపేయండి, క్లిప్ కత్తిరించినా పోకుండా ఉంటుంది.

అది ఒప్పుకున్నాక ఇంకో కోరిక. ఎలాగూ రాసుకునేదే కాబట్టి, ఈసారి ఫోన్ మా వాచ్‌మెన్‌తో చేయించండి. జూబ్లీహిల్స్ ఓనర్‌కు కొట్టి, "సార్, ట్యాంకుల మొసలి వడ్డది, మీరే దిగి తియ్యాలె" అననీయండి. ఓనర్ గొంతుకు మావాడినే పిలవండి, ఆ ఇంగ్లిష్ యాస కూడా వాడు బాగానే పెంచుతాడు.