సవరణ: రివర్‌డాన్స్ బూట్లు, తేదీ

ఐరిష్ నృత్య ప్రదర్శన రివర్‌డాన్స్‌పై నిన్నటి పోస్టులో, నర్తకుల బూట్ల అడుగున ‘ఇనుప రేకులు’ ఉంటాయని రాశాను, ఆ మాట తీసేసి చదవండి. రేకులు ఉండేది అమెరికన్ ట్యాప్ డాన్స్ బూట్లకు. ఐరిష్ నృత్యంలో వాడే గట్టి బూటు, అంటే హార్డ్ షూకి మునివేళ్ల కింద, మడమ దగ్గర ఉండేవి ఫైబర్‌గ్లాస్ దిమ్మెలు. అందుకే చప్పుడు ఖంగుమనదు, టకటకా పొడిగా పడుతుంది. గాల్లో మడమకు మడమ కొడితే వచ్చే క్లిక్ కూడా వీటిదే. స్లిప్ జిగ్ అనే మరో ఐరిష్ నృత్యాన్ని ఈ కోవలో కలపకూడదు. దానిది 9/8 తాళం, ఎక్కువగా ఆడవాళ్లు మెత్తటి తోలు బూట్లతో ఆడతారు, అడుగుల మోత ఉండదు (చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ కాళ్లకు కాదు).

ఇక తేదీ. 1994 ఏప్రిల్ 30న డబ్లిన్‌లో జరిగింది యూరోవిజన్ పాటల పోటీ విరామంలో ఏడు నిమిషాల రివర్‌డాన్స్ అంశమే. పూర్తి ప్రదర్శన మొదలైంది 1995 ఫిబ్రవరిలో, అది జరిగిన పాయింట్ థియేటర్‌లోనే. రెండింటికీ సంగీతం బిల్ వీలన్‌దే.