పైగాలి గారికి సంజాయిషీ నోటీసు

శ్రీయుత క్యూబీవో గారికి,
నివాసం: భూమధ్యరేఖ మీద, స్ట్రాటో ఆవరణం, సుమారు 17 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తు.

అయ్యా,

తమ పూర్తిపేరు క్వాసి బైనియల్ ఆసిలేషన్. 'క్వాసి' అంటే 'ఇంచుమించు'. పేరులోనే ముందస్తు బెయిలు తెచ్చుకున్న గాలి మీరొక్కరే. తూర్పుగాలిగా, పడమటిగాలిగా వంతులవారీగా దిశ మార్చే మీది రెండేళ్ల ఆవృత్తి అన్నమాటే గానీ సగటు 28 నెలలు. ఒక విడత రెండేళ్లలోపే ముగుస్తుంది, ఇంకోటి మూడేళ్ల దాకా సాగుతుంది.

1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిదను రెండు వారాల్లో తూర్పు నుంచి పడమరకు భూమి చుట్టూ తిప్పారు. సరే, అక్కడ ఎప్పుడూ తూర్పుగాలే అనుకున్నారు జనం. 1908లో తూర్పు ఆఫ్రికాలో బెర్సన్ అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేస్తే పడమటిగాలి చూపించారు. ఒకే ఇంట్లో ఇద్దరున్నారనుకుని చెరో పేరు పెట్టేశారు. ఉన్నది ఒక్కరే, వంతులవారీగా వేషం మారుస్తున్నారని తేలేసరికి 1960 వచ్చింది.

మీ బతుకుతెరువు కూడా మాకు తెలుసు. కింద ఉరుముల మేఘాలు గాలిలో పుట్టించే అలల మీద బతుకుతారు. పడమటిగాలి వీస్తుంటే, తూర్పుకు పోయే అలలు దాని అడుగునే అణగిపోయి తమ ద్రవ్యవేగాన్ని అక్కడే వదిలేస్తాయి. అందుకే మీరు నెలకో కిలోమీటరు చొప్పున కిందికి జారతారు. ఎదురు దిశ అలలు మాత్రం అడ్డులేక పైకిపోయి మీ తర్వాతి వేషానికి రంగు పూస్తాయి. 1978లో ప్లంబ్, మెక్‌ఈవాన్ అనే శాస్త్రవేత్తలు ఉప్పునీళ్ల తొట్టిలో అడుగున పొరను ఊపి ఈ గుట్టు రట్టు చేశారు.

ఇక అభియోగాలు. తూర్పుగాలి సెకనుకు 30 మీటర్లు దాటుతుంది, పడమటిగాలి 20 దగ్గరే ఆయాసపడుతుంది. దిగడంలో మాత్రం తూర్పుగాలిదే బద్ధకం: దాని అడుగున గాలి పైకి లేస్తుంటుంది కనుక మధ్యలో నెలల తరబడి ఆగుతుంది. 30 హెక్టోపాస్కళ్ల (ఎత్తును చెప్పే గాలి పీడనం కొలత; పైకిపోయే కొద్దీ తగ్గుతుంది) దగ్గర ఒక దిశ, 50 దగ్గర ఇంకో దిశ! ఏ మట్టమో రాయకుండా 'తూర్పు దశ' అని పట్టిక వేసినవాడి లెక్కలన్నీ తలకిందులు. (తప్పు వాడిదే. ప్రోత్సాహం మీది.)

అసలు నేరం 2016 ఫిబ్రవరిలో. పడమటిగాలి నడుమ, 40 హెక్టోపాస్కళ్ల దగ్గర, ఉత్తరార్ధగోళం నుంచి వచ్చిన రాస్‌బీ అలలను (భూమి తిరగడం వల్ల ఏర్పడే భారీ గాలి అలలను) లోపలికి రానిచ్చి తూర్పుగాలిని మొలిపించారు. 1953 నుంచి ఉన్న రికార్డులో అలాంటిది లేదు. అంచనాలేవీ పసిగట్టలేదు. పొరపాటనుకుని వదిలేస్తే 2019-20లో మళ్లీ అదే పని.

మీ కోసం వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లలో గాలి పొరలను అర కిలోమీటరు మందానికి పలచన చేస్తున్నారు, చిన్న అలల లాగుడును సవరించి సవరించి 28 నెలలు రప్పిస్తున్నారు. అంతా చేశాక కింది మట్టాల్లో నీరసంగా వీస్తారు.

సంజాయిషీ రాతపూర్వకంగా పంపండి. 30 కిలోమీటర్ల నుంచి బయల్దేరితే ఏడాదిలో 18కి చేరుతుంది. పడమటిగాలి చేతికివ్వండి, తూర్పుగాలికిస్తే దారిలోనే ఆగిపోతుంది.