అంతఃకరణంలో శాఖల పంపకం

వేదాంతులు అంతఃకరణాన్ని, అంటే మనలోపల ఆలోచించే సాధనాన్ని, 4 శాఖలుగా విభజించి, ఊగిసలాటను మనసుకు, నిశ్చయాన్ని బుద్ధికి, స్మరణను చిత్తానికి, ‘నేను’ అనుకునే పనిని అహంకారానికి అప్పగించారు. ఏర్పాటు లక్షణంగానే ఉంది గానీ, అమలు మాత్రం మన చేతుల్లో పడింది.

మన వాడుకలో చిత్తం పై అధికారి ముందు చేతులు కట్టుకునే కొలువులో కుదిరింది. ‘చిత్తం, చిత్తం’ అని రెండుసార్లు అన్నవాడి చిత్తంలో ఆ క్షణాన ఏముందో ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఇక బుద్ధి అనేది ఎప్పుడూ ఎదుటివాడికి ఉండవలసిన వస్తువు. మన దగ్గర ఉందో లేదో తనిఖీ చేసే ఆనవాయితీ లేదు. అందుకే పొరపాటు మనం చేస్తే మనసు బాగాలేక చేసినట్టు, అదే పక్కవాడు చేస్తే వాడి బుద్ధి గడ్డి తిన్నట్టు.

అనుమానానికి జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. నైయాయికులు, అంటే న్యాయదర్శనం అనే తర్కశాస్త్రానికి చెందిన పండితులు, అంగీకరించిన 4 ప్రమాణాల్లో (నిజాన్ని తెలుసుకునే మార్గాల్లో) అదొకటి: కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పుందని తేల్చే గౌరవప్రదమైన పద్ధతి. తెలుగు ఇళ్లలోకి వచ్చాక అది పొగతో పనిలేకుండానే నిప్పును తేల్చడం నేర్చుకుంది. సందేహం అలా కాదు, పాపం, మర్యాద తెలిసినది. పాఠం చివర చెయ్యెత్తి నిలబడి, జవాబు దొరకగానే కూర్చుంటుంది. అనుమానం జవాబు దొరికాకే అసలు పని మొదలుపెడుతుంది.

అయితే ఈ విషయంలో మన భాష సాధించిన ఘనత అంతా, నా దృష్టిలో, క్రియాపదంలోనే ఉంది. ‘మరిచిపోయాను’ అంటే కర్తను నేనే, నేరమూ నాదే. ‘గుర్తు రాలేదు’ అంటే మాత్రం రావలసింది గుర్తు, రానిదీ అదే. నేను దానికోసం గుమ్మంలో ఎదురుచూస్తూ కూర్చున్న అమాయకుణ్ణి. మిత్రుడొకాయనను, ఏడాది కిందట తీసుకెళ్లిన నా పుస్తకం ఏమైందని మొన్న అడిగాను. ‘మరిచిపో…’ అని మొదలుపెట్టి, కాస్త ఆగి, కళ్లజోడు సర్దుకుని, ‘గుర్తు రాలేదండీ’ అని సవరించుకున్నారు. ఆ కళ్లజోడు సర్దుకునే లోపల ఆయన నిర్దోషి అయిపోయారు.

నాకు కోపం వచ్చింది. పాఠకులు గమనించగలరు, నేను తెచ్చుకోలేదు, అదే వచ్చింది. రేపు పొద్దున్నే పుస్తకం తెచ్చి ఇవ్వమన్నాను.

‘చిత్తం’ అన్నారు.