37 డిగ్రీలకు ముఖం చాటేసే బయోఇంకు గారికి

జీవకణాలను కలుపుకుని 3డీ ప్రింటర్ సిరంజీలోంచి కణజాలంగా అచ్చవ్వాల్సిన జెల్, మహారాజశ్రీ జెలటిన్-ఆల్జినేట్ (నాచు నుంచి తీసిన జిగురు) బయోఇంకు గారికి, ఆ కణాల తరఫున ల్యాబు వాళ్లం నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమేమంత క్షేమం కాదు. తమరు క్షేమమేనని మాత్రం పెట్రీ డిష్‌లో దిగిన మీ గళ్ల జాలీ ఫొటోలు చెబుతున్నాయి. గీత తిన్నగా, గడి చదరంగా, ఎంత ముచ్చటగా ఉన్నారో! అది ప్రింటయిన కాసేపటికే తీసిన ఫొటో అని కింద ఎవరూ రాయరు లెండి.

మిమ్మల్ని తయారు చేయడమే ఒక ఊడిగం. 10 మిల్లీలీటర్ల పీబీఎస్ అనే ఫాస్ఫేటు కలిసిన ఉప్పునీటిలో అర గ్రాము జెలటిన్‌ను 40 డిగ్రీల దగ్గర కరిగించి, 0.3 గ్రాముల ఆల్జినేట్‌ను కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండలు కడతారు. ఆ ఉండే రేపు నాజిల్‌కు అడ్డం పడుతుంది. పోనీ స్టెరైల్ చేద్దామా? ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలకు గొలుసులు తెగి పలచబడిపోతారు. 0.22 మైక్రాన్ల ఫిల్టరులోంచి పొమ్మంటే చిక్కదనం చూపించి మొరాయిస్తారు. పలచగా కలిపి వడకట్టి, ఫ్రీజ్ డ్రై చేసి, మళ్లీ చిక్కగా కలుపుకునే చాకిరీ మాకు. బుడగలు తీసే సెంట్రిఫ్యూజ్ కూడా కణాలు కలపకముందే తిప్పాలి, లేకపోతే పాపం అవన్నీ అడుగున చేరతాయి.

ఇక సిరంజీలో తమరి మూడ్. 30 డిగ్రీలు దాటితే పళ్లెమంతా పారతారు. 20కి దిగితే గీత తెగి తుంపులు తుంపులుగా రాలతారు. మధ్యలో 25 దగ్గర కుదిరిందనుకుంటే, జెలటిన్ లోపల గట్టిపడుతూనే ఉంటుంది కదా, అరగంట కిందటి ప్రెషర్ ఇప్పుడు చాలదు. పెంచితే సన్నటి సూదిలో ఒరిపిడికి కణాలు చస్తాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పొడవాటి సూది మానేసి శంకు ఆకారపు నాజిల్ పెడితే తక్కువ ప్రెషర్‌కే దిగివస్తారన్నది ఒక్కటే ఊరట.

తర్వాత ఆల్జినేట్‌ను గట్టిపరిచే కాల్షియం స్నానం. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 1.47 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, అంటే 100 మిల్లీమోలార్, అందులో 5 నిమిషాలు. ఎక్కువసేపు ఉంచితే పైతోలు బిగుసుకుపోయి కణాలు ఇబ్బంది పడతాయి. తక్కువైతే లోపల లొడలొడ.

అన్నీ సహించి ఇంక్యుబేటర్‌లో పెడతామా, 37 డిగ్రీలు తగలగానే జెలటిన్ గారు కరిగి మీడియంలోకి, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలోకి, జారుకుంటారు. మీడియంలోని ఫాస్ఫేటు, సోడియం కలిసి ఆల్జినేట్ గారి కాల్షియాన్ని లాగేస్తాయి. మిగిలిన ఆల్జినేట్‌లో కణం పట్టుకోవడానికి పిడి లేదు. కణాల చేతుల్లాంటి ఇంటెగ్రిన్ ప్రోటీన్లు వెతికే ఆర్జీడీ అనే అమైనో ఆమ్లాల వరుస ఆ నాచులో ఎక్కడిది? జెలటిన్‌లో ఉందిగానీ ఆయన వెళ్లిపోయారుగా! కణాలు గుండ్రంగా ముడుచుకుని కూర్చుంటాయి. పైన పటారం, లోన లొటారం.

2022లో హైదరాబాదులో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి కార్నియాను, అంటే కంటి ముందరి పారదర్శక పొరను, ప్రింట్ చేసి కుందేలు కంట్లో పెట్టాయి. ఇంకు కోసం మనిషి కార్నియానే ఆశ్రయించాయి, దానిలోంచి కణాలు తీసేసి. మీ జాలీ ఫొటోలు చూసి మోజుపడలేదు.

కాబట్టి మా మనవి ఒక్కటే. ఇకపై ఫొటో దిగాలనుకుంటే 7వ రోజున రండి, పక్కన బతికిన కణాలేవో చచ్చినవేవో రంగుల్లో చూపే లైవ్-డెడ్ స్టెయిన్ చిత్రం పెట్టుకుని. అంతవరకు జెలటిన్ గారు ఉండాలంటే కాంతికి గట్టిపడేందుకు మెథాక్రిలాయిల్ అనే రసాయన గుంపును తగిలించుకుని జెల్‌మా అవతారమెత్తి, కాంతి తగిలితే ఆ పని మొదలుపెట్టే రసాయనం ఎల్ఏపీ 0.25 శాతంతో 405 నానోమీటర్ల కాంతి కింద గట్టిపడి రమ్మనండి.

ఇట్లు,
మీ సిరంజీలు కడిగేవాళ్లు

తా.క.: కాల్షియం క్లోరైడ్‌ను పీబీఎస్‌లో కలిపి, తెల్లగా విరిగిన నీళ్లను చూసి బ్యాక్టీరియా పట్టిందని గాభరాపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కాల్షియం ఫాస్ఫేటని మీరైనా చెప్పండి.