ఒకే శిఖరం కనిపిస్తే మిశ్రలోహమేనా?

చర్చాంశం: బంగారం, పల్లాడియం లవణాలను సమాన మోలార్ నిష్పత్తిలో నీటిలో కరిగించి, కణాలు ముద్దకట్టకుండా ఆపే పాలీవినైల్ పైరోలిడోన్ అనే పాలిమర్ సమక్షంలో సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేయగా (అంటే అయాన్లను లోహంగా మార్చగా) సుమారు 3 నానోమీటర్ల కణాలు వచ్చాయి. స్ఫటికంలోని పరమాణు వరుసల ఎడాన్ని తెలిపే ఎక్స్-రే వివర్తన చిత్రంలో, రెండు లోహాల మొదటి శిఖరాలు రావలసిన చోట ఒకే శిఖరం ఉంది. ఉత్ప్రేరకంగా వాడబోయే ఈ కణాలను, రెండు లోహాల పరమాణువులూ కలగలిసిన మిశ్రలోహమని పరిశోధన పత్రంలో రాయవచ్చునా?

తయారీ పక్షం: నిస్సందేహంగా రాయవచ్చును. ఈ రెండు లోహాల్లోనూ పరమాణువుల అమరిక ఒకటే (ముఖకేంద్రిత ఘన స్ఫటికం), పైగా ఏ నిష్పత్తిలోనైనా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రాగి ఎక్స్-కిరణాలతో చూసినప్పుడు శుద్ధ బంగారపు మొదటి శిఖరం 38.2 డిగ్రీల దగ్గర, పల్లాడియానిది 40.1 డిగ్రీల దగ్గర వస్తాయి, మాకు 39.1 దగ్గర ఒక్కటే వచ్చింది. జాలక పరిమాణం (స్ఫటికంలో పరమాణువుల మధ్య ఎడం) సంఘటనాన్ని, అంటే లోహాల నిష్పత్తిని బట్టి క్రమంగా మారుతుందని 1921లో వెగార్డ్ చెప్పిన నియమానికి ఇది చక్కగా సరిపోతుంది. లోహాలు విడివిడిగా ఉంటే రెండు శిఖరాలు రావలసింది కదా!

పరిశీలన పక్షం: పెద్ద స్ఫటికాలైతే రావలసిందే. మీ కణాలు 3 నానోమీటర్లవి. కణం చిన్నదయ్యేకొద్దీ శిఖరం వెడల్పవుతుందని చెప్పే, షెర్రర్ 1918లో ఇచ్చిన సూత్రంలో ఆ పరిమాణాన్ని వేసి చూడండి, శిఖరం వెడల్పే దాదాపు 2.8 డిగ్రీలు వస్తుంది. మీరు వేరుగా చూడాలనుకుంటున్న రెండు శిఖరాల మధ్య ఎడం 1.9 డిగ్రీలు మాత్రమే. బంగారు కణాలను, పల్లాడియం కణాలను వేరువేరుగా చేసి ఒకే గిన్నెలో కలిపినా, రెండూ ఒకదానిపై ఒకటి పడి ఒకే వెడల్పాటి గుట్టలా కనిపించవచ్చును.

తయారీ పక్షం: అలా అయితే ఆ గుట్ట నడిమధ్యన ఉండకూడదు. బంగారం పరమాణు సంఖ్య 79, పల్లాడియానిది 46. బంగారం కిరణాలను ఎంతో బలంగా వెదజల్లుతుంది గనుక శిఖరం దానివైపే ఒరగాలి. మాది ఒరగలేదు.

పరిశీలన పక్షం: మంచి వాదన, విడి కణాల అనుమానాన్ని ఇది చాలావరకు బలహీనపరుస్తుంది. అయితే అంత వెడల్పు శిఖరపు స్థానాన్ని పదో వంతు డిగ్రీ వరకు నమ్మడం కష్టం. అంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. అయాన్ ఎంత సులభంగా లోహంగా మారుతుందో తెలిపే ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ బంగారు క్లోరైడ్ అయాన్‌కు సుమారు 1.0 వోల్టు, పల్లాడియం క్లోరైడ్‌కు సుమారు 0.6 వోల్టు. రెండింటినీ ఒకే పాత్రలో ఉంచినా బంగారమే ముందుగా లోహంగా మారి, పల్లాడియం దానిపై పొరగా చేరే వీలుంది. ఆల్కహాల్‌తో నిదానంగా క్షయకరణం చేసినప్పుడు అచ్చంగా ఇదే జరిగిందని జపాన్‌కు చెందిన తొషిమా బృందం 1992లో చూపింది.

తయారీ పక్షం: అందుకే మేము ఆల్కహాల్ జోలికి పోలేదు. బోరోహైడ్రైడ్ అత్యంత బలమైన క్షయకరణి. దాన్ని ఒక్కసారిగా పోస్తే రెండు అయాన్లకూ వేచి ఉండే వ్యవధి దొరకదు.

పరిశీలన పక్షం: పద్ధతి ఎంపిక సరైనదే, కానీ ఉద్దేశం సాక్ష్యం కాదు. భారమూలకం ప్రకాశవంతంగా కనిపించే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఒక్కో కణాన్ని చూసి, ఏ లోహం ఎక్కడుందో పటం గీయించండి.

తయారీ పక్షం: అందులో కనిపించేది మహా అయితే వంద కణాలు. ల్యాబ్‌లో చిటికెడు పొడిలో కోట్ల కోట్ల కణాలుంటాయి. పైగా ఎలక్ట్రాన్ పుంజమే ఇంత చిన్న కణాల్లో పరమాణువులను కదిలించగలదు.

పరిశీలన పక్షం: ఒప్పుకుంటాను. అందుకే ఇండోర్‌లోని ఇండస్-2 వంటి సింక్రోట్రాన్‌పై (అతి తీవ్రమైన ఎక్స్-కిరణాలనిచ్చే పెద్ద యంత్రంపై), ఒక్కో పరమాణువు పొరుగున ఏవి ఉన్నాయో తెలిపే ఎక్స్-రే శోషణ పరీక్ష కూడా కావాలంటున్నాను. అది నమూనా అంతటి సగటును చెబుతుంది. నిజంగా కలిసిపోయిన కణంలో ప్రతి బంగారు పరమాణువు చుట్టూ రెండు లోహాలూ దాదాపు సమంగా ఉండాలి; లోపల గుండ్రాయిలా బంగారమే కూరుకుపోయి ఉంటే, దాని పొరుగున ఎక్కువగా బంగారమే ఉంటుంది.

తయారీ పక్షం: ఉత్ప్రేరణ పనిని ఉపరితలమే చేస్తుంది గదా, లోపలి సంగతి అంతగా ఎందుకు?

పరిశీలన పక్షం: ఆ ఉపరితలం గురించే అడుగుతున్నాను. 923 పరమాణువుల ఘనాష్టముఖి కణంలో 362 పైననే ఉంటాయి. రసాయన శాస్త్రవేత్త గుడ్‌మన్ బృందం 2005లో వినైల్ ఎసిటేట్ అనే రసాయనం తయారీలో, బంగారం మధ్య ఎడంగా ఉన్న పల్లాడియం పరమాణువుల జంటలే చురుకైన స్థానాలని చూపింది. అలాంటి ఒంటరి పరమాణువులున్నాయో లేదో కార్బన్ మోనాక్సైడ్‌ను అంటించి పరారుణ వర్ణపటంలో చూడవచ్చును: రెండు పల్లాడియాల మధ్య వంతెనలా అతికిన అణువు సంకేతం దాదాపు మాయమై, ఒక్కదానికే అతికినది మిగలాలి. కానీ ఒక జాగ్రత్త: ఆ వాయువే పల్లాడియాన్ని పైకి లాగగలదు, శూన్యంలో బంగారం పైకి చేరే మొగ్గు చూపుతుంది. కాబట్టి చర్య ముగిశాక తీసిన నమూనాను కూడా పరీక్షించాలి.

తయారీ పక్షం: సింక్రోట్రాన్ సమయం దొరికే వరకు పత్రాన్ని ఆపలేం. శీర్షికలో ప్రస్తుతానికి "ద్విలోహ కణాలు" అని మాత్రమే రాస్తాను. విడి బంగారు, విడి పల్లాడియం కణాలను ఇదే పరిమాణంలో చేసి, కలిపి, ఇదే యంత్రంలో ఎక్స్-రే చిత్రం తీస్తాను.

పరిశీలన పక్షం: ఆ చిత్రాన్నీ మీ చిత్రాన్నీ ఒకే పటంలో పక్కపక్కన పెట్టండి.